కాస్త పక్కకు తిరగండి

కోటిలింగానికి మనుషుల ముఖాలు నిజంగానే గుర్తుండవా, లేక అన్నేళ్ళూ నటించాడా? ఈ ప్రశ్నకు దానయ్య మాస్టారి దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. ముప్ఫై నాలుగేళ్ళు పిల్లల్ని ప్రశ్నలడిగి బతికిన మనిషికి తన వంతుగా ఈ ఒక్కటీ మిగిలింది.

సంగతేమిటంటే, తోలుబొమ్మలాడించే కోటిలింగం ఎదురుగా నిలబడ్డ మనిషిని గుర్తుపట్టడు. ఎవరొచ్చినా "కాస్త పక్కకు తిరగండి" అంటాడు. తిరిగాక ముక్కూ గడ్డం వరస చూసి "ఓహో, మీరా" అంటాడు. ఇదేం జబ్బయ్యా అంటే, "మా బొమ్మలకి ఒకే కన్ను, ఒకే చెంపండీ. పొద్దస్తమానం వాటితోనే గదా. రెండు కళ్ళవాళ్ళను చూస్తే కంగారు" అనేవాడు.

ఆధార్ ఫొటోకి ప్రత్తిపాడు వెళ్ళి పక్కకు తిరిగి కూర్చున్నాడు. "తాతా, ఇటు చూడు" అంది మిషను దగ్గరి అమ్మాయి. "అటు చూస్తే నేనెవరో మీ మిషనుకేం తెలుస్తుందమ్మా" అన్నాడు. విసిగిపోయి ఆ అమ్మాయే కెమెరా ఎత్తుకుని ఆయన ముక్కుకెదురుగా వెళ్ళింది. ఈయన మర్యాదగా మెడ ఇంకో పక్కకు తిప్పాడు.

గుంటూరు బస్టాండులో సొంత భార్య రాఘవమ్మ ఎదురొస్తే, "ఎవరమ్మా మీరు" అన్నాడు. ఆవిడ అలిగి అటు తిరిగింది. "ఓహో, రాఘవా" అని సంచీ అందుకున్నాడు. "అలిగితే తప్ప గుర్తురాను ఈయనకి. మా కాపురంలో అలకలు అందుకే ఎక్కువ" అని చెప్పుకునేది ఆవిడ.

పోనుపోను ఊరికే అలవాటైపోయింది. ఆయన సైకిలు కనబడితే చాలు, కల్లంలో మిరపకాయల తొడిమలు తీసే ఆడవాళ్ళంతా ఒక్కసారి పక్కకు తిరిగేవాళ్ళు. కొత్తగా వచ్చిన వ్యవసాయాధికారి అది చూసి, "ఈ ఊళ్ళో జనం ముఖమిచ్చి మాట్లాడరేంటండీ" అని మాస్టారి దగ్గర నొచ్చుకున్నాడు.

కోటిలింగం పేరు చెబితే జనానికి గుర్తొచ్చేది దబ్బనం దాసు, వాడి పెళ్ళాం బూరెల బుల్లెమ్మ. తాతల నాటి బొమ్మలవి. ఆ మొగుడూ పెళ్ళాల తగువు కోసం పత్తి తీతలకు పోయినవాళ్ళు సైతం పొద్దుండగానే ఇల్లు చేరేవాళ్ళు. కిందటేడు బడి వార్షికోత్సవానికి వాళ్ళ ఆట పెట్టిస్తానని మాటిచ్చి, మాస్టారు కోటిలింగం ఇంటికెళ్ళారు.

"కాస్త పక్కకు తిరగండి."

"నేనయ్యా, దానయ్యని. గొంతు తెలియట్లా?"

"గొంతులు నేను పది మార్చగలనండీ. ముక్కు చూపించండి."

మాస్టారు చూపించారు. "శుక్రవారం దాసునీ బుల్లెమ్మనీ తీసుకురావాలి" అన్నారు.

"వాళ్ళు రిటైరయ్యారండీ."

"బొమ్మలకి రిటైర్మెంటేమిటయ్యా?"

"మిమ్మల్ని రిటైర్ చేసినప్పుడు బొమ్మలేమన్నా అడ్డమొచ్చాయా?"

అరిగిన బొమ్మను పారే నీళ్ళలో విడిచిపెట్టడం వాళ్ళ ఆనవాయితీ. ఆ ఇద్దర్నీ మొన్న ఆదివారమే సాగర్ కాలవలో విడిచిపెట్టాడట. మాస్టారికి చిన్నప్పుడు తన తండ్రి భుజమ్మీద కూర్చుని నవ్విన నవ్వంతా ఆ నీళ్ళలో పోయినట్టనిపించింది.

"ఊరుకుంటారటయ్యా జనం?"

"కొత్త ఆట కట్టాను. చూద్దురుగాని" అంటూ కోటిలింగం లోపలికెళ్ళాడు.

రాఘవమ్మ గొంతు తగ్గించింది. "మాస్టారండీ, దాసు బుల్లెమ్మని అనే మాట గుర్తుందా మీకు? 'కాలిన అట్టు మొహమా' అని?"

గుర్తులేకేం. ఆ మాటకు ఊరంతా పడీపడీ నవ్వేది, ఆయనతో సహా. మాస్టారి కూతురు షారోన్‌కి తొమ్మిదో ఏట మరిగే గంజి పడి ఎడమ చెంప కాలింది. ఆర్నెల్లకు ఆట వచ్చింది. తెర వెనకున్నవాడికి జనం కనబడరు. అలవాటు కొద్దీ దాసు చేత ఆ మాట అనిపించాడు కోటిలింగం. నవ్వు సగంలో ఆగిపోయింది. తలలన్నీ పాప వైపు తిరిగాయి. తర్వాత నెల్లాళ్ళు పాప బడికి రాలేదు. వచ్చాక కూడా ఎవరికైనా కుడి చెంపే చూపించేది.

"అప్పుడే తీసేశాడుగా ఆ మాట."

"ఈయన తీశాడు. జనం తీయలేదు. ప్రతి ఊళ్ళోనూ అట్టు, అట్టు అని అరుపులే. ఇరవై మూడేళ్ళు మింగాను, ఇంక అరగదంటాడు." ఆవిడ లోపలి గది వైపు ఓసారి చూసింది. "ఇంకోటి కూడా చెప్తాను. నా పెళ్ళినాటికి ఈయనకీ పక్కచూపుల జబ్బు లేదండీ. మీ అమ్మాయి బడి మానేసిన నెలలో పట్టుకుంది."

మాస్టారికి ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. తర్వాత, కల్లంలో వరసగా పక్కకు తిరిగిన ఆడవాళ్ళు కళ్ళలో మెదిలారు. ఊరంతా పక్కకు తిరిగే చోట ఒక పిల్ల పక్కకు తిరిగితే ఎవడు పట్టించుకుంటాడు?

కోటిలింగం కొత్త బొమ్మ తెచ్చాడు. మేకతోలు మీద ఒక పంతులమ్మ. "మీ అమ్మాయి ఒప్పుకుంటేనే ఆట. కాదంటే ఇదీ కాలవకే" అన్నాడు. అన్నాడే గాని, మాస్టారింటికి నడుస్తున్నంతసేపూ తువ్వాలుతో మెడ తుడుచుకుంటూనే ఉన్నాడు.

షారోన్ అదే బళ్ళో టీచరు. వరండాలో పేపర్లు దిద్దుతోంది. బొమ్మను అందుకుని ఎండకేసి పట్టింది. కనబడేది ఎడమ చెంప. బొమ్మల నగలు మెరవడానికి పొడిచినట్టే అక్కడ సన్నసన్నగా చిల్లులు పొడిచాడు. వాటిలోంచి వచ్చిన వెలుతురు ఆమె చేతి మీద చుక్కలు చుక్కలుగా పడింది.

కోటిలింగం నేల చూపులు చూశాడు.

"ఈవిడేం చేస్తుంది బాబాయ్ ఆటలో?"

"అందరి చెవులూ మెలేస్తుందమ్మా."

"దెబ్బలు తింటుందా?"

"ఒక్కటీ తినదు."

"ముక్కు మరీ ఇంత పెద్దగానా చెక్కేది?"

"ఉన్నదే చెక్కాను."

షారోన్ నవ్వింది. బొమ్మను తిరిగివ్వలేదు, దిద్దే పేపర్ల మీద భద్రంగా పెట్టుకుంది. "శుక్రవారం సాయంత్రం ఆరింటికి. ఆలస్యం చేస్తే నీ చెవీ మెలేస్తాను" అంది. తర్వాత లేచొచ్చి, కొంగు చెంప మీదికి లాక్కోకుండా, రెండు చెంపలతో ఆయనకెదురుగా నిలబడింది. "ఇవాళ నేను పక్కకు తిరగను. ఎవరో చెప్పు."

కోటిలింగం కళ్ళు చికిలించాడు. అటు వంగాడు, ఇటు వంగాడు.

"తెలియట్లేదమ్మా. ఎప్పుడూ చూసిన మొహం కాదు. ఊరికి కొత్తా?"

షారోన్ కుర్చీ పట్టుకుని మరీ నవ్వింది. ఆ నవ్వు చూస్తూ మాస్టారూ నవ్వారు. కాఫీ పెట్టమందామని ఇటు తిరిగేసరికి కోటిలింగం లేడు. వీధి చివర కల్లంలో, తొడిమలు తీసేవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు పక్కకు తిరుగుతున్నారు.