రెండో చెవి

పీహెచ్‌డీలో నా పని పరమాణు కేంద్రకాల ఆకారం కనిపెట్టడం. కేంద్రకం ఎవరికీ కనబడదు. దాంట్లోంచి వచ్చే గామా కిరణాలు కొలిచి, ఇది గుండ్రంగా ఉంది, ఇది సాగి ఉంది అని చెప్పాలి. ఆ చదువుకి మా ఊళ్లో ఉద్యోగం లేదు కాబట్టి ఇంటి నుంచి రోజూ వెళ్లొచ్చేలా మధురవాడలో ఒక ఆఫీసులో చేరాను. అంతరిక్ష నౌకలు తమంతట తాము నడుచుకోవడానికి ప్రోగ్రాములు రాస్తాం. మా చుట్టాల లెక్కలో మాత్రం నేను రాకెట్లు తోలుతున్నాను.

నాన్న ఒక్కడే చిన్న బోటు వేసుకుని సముద్రం మీద చేపల వేటకెళ్లి తిరిగి రాలేదు. వారాలు గడిచాయి. వెతకడానికెళ్లినవాళ్లకి నీళ్ల మీద తేలుతూ బోటులోని ఐసు పెట్టె ఒక్కటే దొరికింది. అమ్మ దాన్ని కడిగి గుమ్మం పక్కన పెట్టింది. రోజూ సాయంత్రం నా చేత నాన్న నంబరుకి ఫోను చేయించి, స్పీకర్‌లో పెట్టమనేది. స్విచాఫ్ అని ఒక ఆడగొంతు మూడు భాషల్లో చెప్పేది. అమ్మ మూడూ వినేది. నేను కట్ చేసి టీ పెట్టుకునేదాన్ని. ఏడుపు రాలేదు. రాలేదన్న బెంగా లేదు.

ఆ రోజుల్లోనే ఆఫీసులో నాకో పని అప్పజెప్పారు. భూమి నుంచి మాట అందకపోతే నౌక ఏం చెయ్యాలో రాయాలి. ఇంకెవరికైనా ఇమ్మనొచ్చు. అనలేదు, రాసిచ్చేశాను.

అమ్మ తమ్ముడు, మా మావయ్య, ఒకరోజు నన్ను వాకిట్లోకి పిలిచాడు. శవం దొరక్కపోయినా దర్భబొమ్మ చేసి కర్మ జరిపించేయాలని ఆయన పట్టు. అమ్మ ఒప్పుకోవడం లేదు.

"నువ్వు సెప్తే ఇంటాదమ్మా. కనబడనివాటి గురించే గదా నువ్వు సదివినావు," అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. కేంద్రకం కనీసం కిరణాలైనా పంపుతుంది. ఆ మంట కూడా కాసేపటికే చల్లారిపోయింది.

సాయంత్రం ఫోను కట్ చేశాక అమ్మే అడిగింది.

"మీ ఓడకి మీ మాట ఇనబడకపోతే ఏటి సేత్తాది?"

నౌకలో రెండు రిసీవర్లుంటాయి. అమ్మకి అర్థం కావాలని చెవులన్నాను.

"తన సెవే పాడైపోనాది అనుకుంటాదమ్మా. రెండో సెవికి మారతాది."

"దాన్లోనూ ఇనబడకపోతే?"

"మళ్లీ మొదటిదానికి."

"అవతలోళ్లు లేరని అనుకోదా?"

"అనుకోదు. అలాగ మేం రాయలేదు."

అమ్మ ఐసు పెట్టె వైపు చూస్తూ, "పాపం, దానికి సెప్పీవోళ్లు లేరు గావాల," అంది. తర్వాత నా వైపు తిరిగింది. "నాకు నువ్వు సెప్పు."

"నాన్న ఇంక రాడమ్మా," అన్నాను. కరెంటు బిల్లు ఎంతొచ్చిందో చెప్పినట్టు వచ్చింది గొంతు.

"మీ మావని రమ్మను," అని అమ్మ లేచి పొయ్యి వెలిగించింది.

మర్నాడు సాయంత్రం అమ్మ ఫోను చెయ్యమనలేదు. నేనే చెప్పులేసుకుని ఒడ్డుకి వెళ్లి నాన్న నంబరు నొక్కాను. ఆ ఆడగొంతు మొదలవగానే ఫోను ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకున్నాను.