ఆత్మకూరు రాళ్లలో ఉప్పు

1969. ఆత్మకూరు దగ్గర, కృష్ణకు కొంచెం ఎడంగా మా సర్వే క్యాంపు. హైదరాబాదులో పుట్టి పెరిగిన నాకు జియాలజిస్టుగా అదే తొలి ఫీల్డు. ప్రొబేషన్ ఇంకో నెలలో ముగుస్తుంది. మ్యాపు సరిగ్గా గీస్తే ఉద్యోగం పర్మనెంటు, లేకపోతే ఇంటికే.

భూమి పైపెంకు పలకలుగా కదులుతుందనీ, ఒక పలక ఇంకోదాని కిందికి దూరిన చోట సముద్రంలో అగ్నిపర్వతాలు వరసగా లేస్తాయనీ మా వాళ్లలో అప్పుడప్పుడే మాట మొదలైంది. అలాంటి పాత వరస ఒకటి ఇక్కడ నేనే పట్టుకోవాలని నా పిచ్చి. దానికి గుర్తు పిల్లో లావా. నీళ్ల అడుగున పొంగిన లావా దిండ్లలా గడ్డకడుతుంది. దిండు పైభాగం ఉబ్బుగా ఉంటుంది, అడుగు కింది దిండు మీద ఒత్తుకుని గుంటపడుతుంది.

మూడో రోజు గుట్ట కింద అలాంటివి పదిహేను దాకా దొరికాయి. అన్నిటికీ గుంట పైకుంది! అంటే గుట్టే తలకిందులైందన్నమాట. రాతి గింజలు బాగా కనబడాలని మేం నాలుకతో తడిపి చూస్తాం. నాకాను. ఉప్పగా తగిలింది. ఆదిమ సముద్రం!

గొర్రెలు కాసే మల్లయ్య కర్ర మీద గడ్డం ఆనించి చూస్తున్నాడు.

"సారూ, గా రాళ్లు..."

"నీకు తెల్వదు, జరుగు!"

"తెల్వకేంది సారూ, గవి మా..."

"రాళ్ల సంగతి నాకే చెప్తవా? పో, నీ గొర్లను చూస్కో!"

"పోత తియ్యి. మల్ల మల్ల నాకకు గని."

సైకిలెక్కి తపాలాఫీసుకు పోయి ట్రంకాల్ పెట్టాను. రెండు గంటలకు లైను కలిసింది. "గుట్టంతా తిరగబడింది సార్, సముద్రపు ఉప్పు కూడా మిగిలింది!" అని మా సీనియర్‌కు అరిచి చెప్పాను.

"వందల కోట్ల ఏళ్ల ఉప్పు వానలకు కరగలేదా? వస్తున్నా," అన్నారు.

వచ్చారు. వంగి ఆయనా నాకారు. మొహం చిట్లించారు. అంతలో మల్లయ్య మంద దిగింది. అతను మూట విప్పి ఒక్కో గుంటలో ఉప్పు పోస్తుంటే, గొర్రెలు మా ఇద్దరి మధ్య తలలు దూర్చి నాకడం మొదలుపెట్టాయి.

"ఏమిటయ్యా ఇది?" అన్నారు సీనియర్.

"గొర్లకు ఉప్పు సారూ. గీ రాళ్లను మా నాయిన గుట్ట మీదికెల్లి దొర్లించి, గుంట పైకొచ్చేటట్టు తిప్పి పెట్టిండు. గీ సారుకు చెప్పబోతే పొట్టేలు లెక్క కుమ్మనీకొచ్చిండు."

సీనియర్ అటు తిరిగారు. ఆయన భుజాలు ఊగుతున్నాయి. నాకు మాత్రం ఉద్యోగం ఊడినట్టే అనిపించింది.

"సముద్రం నిజమేనయ్యా," అన్నారు చివరికి. "ఇవి దిండ్లే. ఉప్పు మాత్రం మల్లయ్యది. పది రోజుల్లో మ్యాపు మళ్లీ గియ్యి."

మర్నాడు మంద దగ్గరికి పోయి నిలబడ్డాను. "తప్పైంది మల్లన్నా. మీ నాయిన ముట్టని రాళ్లు చూపిస్తవా?"

"చూపిస్త. నడుమ నోరు పెట్టొద్దు."

గుట్ట మీద, నేలలో పాతుకుపోయిన దిండ్లు ఎన్నో చూపించాడు. ఒక్కటీ బోర్లా లేదు. దారిలో పలకల కథ చెప్పాను.

"ఇప్పటికీ జరుగుతున్నయా?"

"ఇక్కడ ఒకదాని కింద ఒకటి దూరుడు ఎప్పుడో ఆగింది."

"మంచిగైంది. మా పాలోళ్లు పొలం గట్టు జరిపిన పంచాయితే ఇంకా తెగలే."

గడువుకి ఒక రోజు ముందే మ్యాపు ఇచ్చాను. ఉద్యోగం నిలిచింది. రాయి కనబడగానే అది పుట్టినచోటే ఉందనుకోకూడదు, ఎవరు ముట్టారో, ఎందుకు కదిపారో అడగాలి. ఆ మాట నాకు ఏ కాలేజీలోనూ చెప్పలేదు. అడిగాక జవాబు పూర్తయ్యేదాకా ఆగడం మాత్రం వేరే విద్య. ఉద్యోగం నెలలో పర్మనెంటయింది గానీ, ఆ విద్య పర్మనెంటు కావడానికి చాలా ఏళ్లు పట్టింది.