ఉప్పుకాలువ గట్టున సిలార్ సాయిబు క్లారినెట్టు

సిలార్ సాయిబు వచ్చే బుధవారం పళ్లు పీకించుకుంటున్నాడని మా చెల్లెలు కామాక్షి చెప్పేసరికి నాకు కాఫీ సహించలేదు. నెల్లూరులో ఆయన బ్యాండుమేళం తెలియని ఇల్లు లేదు. మేళంలో క్లారినెట్టు వాయించేదీ, పాటలు కట్టేదీ ఆయనే. పైపళ్ల ఆనిక లేకపోతే క్లారినెట్టు పట్టు తప్పుతుందట. కట్టుడు పళ్లు పెట్టుకున్నా ఆ పలుకు రాదని ఆయనే అందరికీ చెప్పుకుంటున్నాడట. అంతకుముందు ఆయన వాయించాల్సిన పెళ్లి ఇక ఒకటే మిగిలింది, ఆదివారం నాడు, మైపాడు వైపు ఉప్పుకాలువ ఒడ్డునున్న జాలర్ల పాలెంలో. "ఆయన్నే అడిగి తేల్చుకోండన్నా. నువ్వూ మా ఆయనా కలిసే పోండి" అంది కామాక్షి.

తేల్చుకోవాల్సింది ఏమిటో చెబితే మీరు నవ్వుతారు. సిలార్ సాయిబు పాటల్లో ఏది గొప్పదన్న గొడవ మా బుచ్చిరెడ్డిపాలెం కాఫీ హోటళ్లలో పదేళ్లుగా నలుగుతోంది. నేను బడిపంతుల్ని, ఊరికే వాదించే రకం కాదు. పెళ్లికొడుకు వారికి ఎదురెళ్లేటప్పుడు వాయించే ఎదుర్కోలు పాటే గొప్పదని నా ఖాయమైన అభిప్రాయం. మేళమంతా ఒక్కసారి అందుకుంటే ముసలివాళ్లు కూడా అడుగు కలుపుతారు. కామాక్షి భర్త పెంచలయ్యది కొడవలూరు, వరి సేద్యం. ఆయన అప్పగింతల పాట తప్ప ఇంకోటి ఒప్పుకోడు. ఆరు నెలల కిందట ఒక పెళ్లి పంక్తిలో మాటా మాటా పెరిగి, "ఏడుపుగొట్టు పాటలు ఏడుపుగొట్టు వాళ్లకే నచ్చుతాయి" అనేశాను, పదిమందిలో. ఆయన విస్తరి ముందునుంచి లేచి వెళ్లిపోయాడు. అప్పటినుంచి మా గడప తొక్కలేదు. కామాక్షి ఒక్కతే వచ్చి, ఇంత తిని పోతోంది. తప్పు నాదేనని తెలుసు గానీ ఒప్పుకోవడానికి నోరు రాదే.

బుచ్చిలో తెల్లవారి అయిదున్నరకు నెల్లూరు బస్సుంది, టిక్కెట్టు నలభై నయాపైసలు. కిటికీ దగ్గర చోటు కావాలంటే పావుగంట ముందే పోవాలి. పెన్నా దాటేటప్పటికి ఎండ నీళ్లమీద పడుతోంది. నెల్లూరు బస్టాండులో పెంచలయ్య కనిపించాడు, ఉతికిన పంచె, భుజాన తువ్వాలు. నన్ను చూసి ఇడ్లీ బండివైపు తిరిగాడు. నేనూ బండికి ఇటువైపు నిలబడి ఇడ్లీ తిన్నాను. ఏడింటి బస్సులో ఇందుకూరుపేటదాకా ఆయన ముందు సీట్లో, నేను వెనక సీట్లో. ఆయన మెడమీద ఎండకు కమిలిన చర్మం చూస్తూ ముప్పావుగంట కూర్చున్నాను.

అక్కడినుంచి పాలెందాకా జట్కా తప్ప గతి లేదు. కొత్త పైసలు వచ్చి ఇన్నేళ్లయినా జట్కావాడు మాత్రం ఇరవై అణాలంటాడు, అంటే రూపాయి పావలా. బేరమాడితే గడ్డిపరకంత కూడా తగ్గడు. జట్కాలో మోకాలికి మోకాలు తగలకుండా ఇద్దరు మనుషులు కూర్చోలేరు. మైలు దూరం పోయాక బండివాడే అడిగాడు.

"ఏం సామీ, మీరిద్దురూ వేరేవేరే పెళ్లికా?"

"ఒక పెళ్లికే" అన్నాను.

"బావా బామ్మర్దులం" అన్నాడు పెంచలయ్య, గుర్రం తోకవైపు చూస్తూ.

"అట్టా చెప్పండి మరి" అని బండివాడు ఇంకేమీ అడగలేదు.

ఉప్పుకాలువ చూడనివాళ్లకు ఒక మాట చెప్పాలి. మద్రాసునుంచి సరుకు పడవలు నడిచే కాలువ ఇది. ఈ పాలెం దగ్గర వంకర లేకుండా, గీత గీసినట్టు ఉత్తరానికి పోతుంది. ఇక్కడ పెళ్లివారు వచ్చేదీ పోయేదీ పడవమీదనే. తొమ్మిది గంటలకు పెళ్లికొడుకు పడవ గట్టు తాకింది. సిలార్ సాయిబు ఎదుర్కోలు పాట ఎత్తుకున్నాడు. బూరలు, డోళ్లు అన్నీ కలిసి లేచాయి. నా పాదం నేను చెప్పకుండానే తాళం వేస్తోంది. పెంచలయ్య వైపు చూశాను. మడి తడిపి గానీ ఇల్లు కదలడు కాబట్టి ఏ పెళ్లికీ భోజనాల వేళకు ముందు చేరే మనిషి కాదు. నేనెరిగి ఎదుర్కోలు దగ్గర ఆయన నిలబడడం తన పెళ్లి తర్వాత ఇదే మొదటిసారి. నోరు కొంచెం తెరుచుకుని వింటున్నాడు. నాకు లోపల భలే సంబరంగా ఉంది.

పదిన్నరకు తాళి కట్టారు. మధ్యాహ్నం తాటాకు పందిట్లో పచ్చిమామిడి వేసిన చేపల పులుసు, ముతక బియ్యపన్నం. వడ్డించే ఆమె అడగకుండానే రెండోసారి పోసింది. "ఇంకో ముక్క వేసుకో అబ్బయ్యా, యాడినుంచో వచ్చినట్టుండావు" అంది. తర్వాత పక్క పంక్తిలో ఉన్న సిలార్ సాయిబు విస్తరి దగ్గర కూర్చుని, చేపముక్క ముళ్లు తీసి మెత్తగా పిసికి పెట్టింది. ఆయన పైపళ్లకు నాలుక ఆనించి ఒకసారి కదిపి చూసుకున్నాడు. పళ్లు ఊగడం నాకు అంత దూరానికీ కనబడింది. ఇంత ఎత్తు మనిషి, పెద్ద పంజా ఉన్న మనిషి, ముద్ద మింగడానికి అవస్థ పడుతుంటే నాకు తిండి మీద ధ్యాస పోయింది.

సముద్రపుగాలి లేచాక, రెండున్నరకు, పెళ్లికూతుర్ని పడవెక్కించే వేళయింది. మేళంలో మిగతావాళ్లు వాయిద్యాలు దించేశారు. అప్పగింతల పాట సాయిబు ఒక్కడే వాయిస్తాడు. నేను అలవాటు ప్రకారం "నీళ్లు తాగొస్తా" అని ఎవరికో చెప్పినట్టు చెప్పి జారుకోబోయాను. పెంచలయ్య నా మణికట్టు పట్టుకున్నాడు.

"ఈసారన్నా నిలబడు బావా."

ఆరు నెలల తర్వాత నాతో ఆయన ఆడిన మొదటి మాట అది.

"నాకు ఆ పాట పడదు."

"వింటే గదా పడేది. మా పెళ్లినాడు కూడా ఈ పాటప్పుడు నువ్వు లేవు. కామాక్షి బండెక్కకుండా నిలబడిపోయింది, నువ్వొస్తావని. అందురూ ఎక్కమ్మా ఎక్కమ్మా అంటాండారు. ఆమె కదల్లా. సాయిబు అది చూసి పాట ఆపలా. మళ్లా మొదటినుంచి ఎత్తుకున్నాడు, మళ్లా ఎత్తుకున్నాడు. నేను అంతసేపూ ఆమె మొహమే చూస్తా విన్నా. ఇంగ నాకు వేరే పాట ఎట్టా నచ్చుతాది?"

ఆ రోజు నేను మా పశువుల కొట్టంలో ఉన్నాను. చెల్లెలు వెళ్లిపోవడం చూడలేక తలుపేసుకుని గాటికి ఆనుకుని నిలబడ్డాను. బడిపంతులు ఏడుస్తుంటే నలుగురూ చూస్తారని సిగ్గు. ఆ తర్వాత ఏ పెళ్లిలోనైనా ఆ పాట మొదలవుతుందనగానే నా కాళ్లు బయటికి నడిచేవి.

పడవ గట్టు వదిలింది. మేళం బండి ముందు నడిచే ఊళ్లలో అయితే ఊరి పొలిమేర దాకా వాయిస్తే చాలు. ఇక్కడ పడవ కంటికి ఆనినంతసేపూ పాట ఆపకూడదని ఆచారం. కాలువకు మలుపు లేదు, తెరచాప ఎంతకీ కనిపిస్తూనే ఉంది. సాయిబు కళ్లు మూసుకుని వాయిస్తున్నాడు, పెదవి పక్కన సన్నగా నెత్తురు. ఎవరూ ఆపమనలేదు, ఆపమన్నా ఆగేవాడు కాదు. రెండోసారి పాట మొదటికి వచ్చేటప్పటికి నా పాదం కదిలింది. పొద్దున వేసిన తాళమే, కాస్త నిదానంగా. మూడోసారికి అనుమానం తీరింది. పెంచలయ్య వేళ్లు కూడా నా మణికట్టుమీదే తాళం వేస్తున్నాయి. ఇద్దరం మొహమొహాలు చూసుకున్నాం.

తెరచాప చుక్కయి మాయమయ్యాక సాయిబు క్లారినెట్టు దించి, తువ్వాలుతో పెదవి ఒత్తుకున్నాడు. దగ్గరకు పోయి అడిగాను, "సాయిబూ, ఎదుర్కోలూ అప్పగింతలూ రెండూ ఒకటే పాటా?"

ఆయన నవ్వాడు. "ఒకటేలే అయ్యవారూ. మా ఇంటామె కాపురానికి వచ్చిన పొద్దు ఈ పాట కట్టినా. మా పాపను అత్తగారింటికి పంపిన పొద్దు ఊపిరి ఆడక అదే నిదానమైపోయింది. మనిషి వస్తే ఒక తీరు, పోతే ఒక తీరు. ఇన్నేళ్లుగా ఎవురూ అడగలా, నేనూ చెప్పలా." క్లారినెట్టును ముక్కలుగా విప్పి, ఒక్కొక్కటీ తుడిచి, గుడ్డలో చుట్టి, మేళంలోనే ఉన్న తమ్ముడి చేతికిచ్చాడు. "ఇంగ నువ్వు వాయించు" అన్నాడు.

పెంచలయ్య ఆ రాత్రికి కొడవలూరు పోలేదు, నాతోపాటు బుచ్చి బస్సెక్కాడు. ఒకే సీట్లో కూర్చున్నాం. సంగతి తెలుసుకోవాలని మా ఇంటికే వచ్చిన కామాక్షి వాకిట్లో ఎదురుచూస్తోంది. "ఏ పాట గొప్పదన్నాడు?" అంది. నేను చెప్పాల్సింది అది కాదు. "నీ అప్పగింతలనాడు నేను కొట్టంలో ఉన్నానమ్మా" అన్నాను. "తెలుసన్నా" అంది. "తలుపు కింద నీ కాళ్లు కనపడతానే ఉన్నాయి. అందుకే బండెక్కకుండా నిలబడ్డా."

ఇప్పుడు సాయిబు తమ్ముడు వాయిస్తున్నాడు. బాగానే వాయిస్తాడు, సాయిబు పక్కన నిలబడి తాళం వేస్తాడు. పదేళ్లు ఒక మేళం వెంట తిరిగి, దాని పాటలమీద కాఫీ హోటల్లో గొంతు చించుకున్న నాకు ఒక్క పాటయినా కడదాకా తెలియలేదు. ఇష్టమైన సగం విని, మిగతా సగాన్ని తిట్టుకుంటూ తిరిగాను. ఉప్పుకాలువ గట్టుకు మీరూ పోవాలనుకుంటే వైశాఖంలో పోండి, అప్పుడే పెళ్లిళ్లెక్కువ. జట్కావాడితో మాత్రం ఎక్కేముందే గట్టిగా మాట్లాడుకోండి, తెరచాప కనుమరుగయ్యేదాకా తిరుగు బండి కట్టకూడదని. ఆ మధ్యలో దాహమేసినా నీళ్లకు పోకండి.