ఫాదర్ గారి ఇత్తడి మర

పంతొమ్మిది వందల ఇరవైల చివర్లో, పెళ్లయిన ఆరు నెలలకే నేను వ్యాపారంలోకి దిగాను. గుమ్మలక్ష్మీపురంలో మా ఆయన మిషన్ బడి పంతులు. మావయ్య పోయాక మా అత్త జంతికలు వండి సంతలో అమ్మేది. నాకు పద్దెనిమిదేళ్లు, ఒక్కచోట కూర్చోలేని మనిషిని.

మా గుడి ఫాదర్ గారిది ఇటలీ. ఒకరోజు ఆయనకి ఇంటి నుంచి ఓ చెక్కపెట్టె వచ్చింది, పార్వతీపురం దాకా రైల్లో, అక్కణ్నుంచి ఎద్దుబండి మీద. అందులో ఇత్తడి మర. పైన పిండి పెట్టి పిడి తిప్పితే కింద చిల్లుల్లోంచి దారాలు దిగుతాయట. తాతల నాటి నుంచీ వాళ్లింటిల్లిపాదిదీ అదే పనట. తమ్ముడు కొత్త మర కొనుక్కుని పాతది అన్నకి పంపించాడు.

"దీంతో చేసేదాన్ని పాస్తా అంటారు," అన్నారాయన మరని నిమురుతూ.

అత్త వంగి చూసింది. "ఇదేటి బాబూ, మన జంతికల గొట్టమే గదా! కాత్త పెద్దది."

ఆయన పగలబడి నవ్వారు. "అయితే మీరే తిప్పండమ్మా!"

ఆ సాయంత్రమే మర మా వసారాలో ఉంది. గోధుమ నూకలో వేన్నీళ్లు పోసి కలిపాం. పిండి జారై ముద్దలా దిగింది. రెండోసారి గట్టిగా కలిపి రోకలితో కుమ్మాం. ఇద్దరం పిడి పట్టి తిప్పితే పసుప్పచ్చటి దారాలు జరజరా దిగాయి.

"వచ్చేత్తన్నాయే గుంటా, వచ్చేత్తన్నాయి!" అత్త చిన్నపిల్లలా అరిచింది.

వెదురు కర్రల మీద ఆరేశాం. కానీ అవి వానలూ మంచూ కలిసిన రోజులు. మూడో నాటికి అంతా బూజు. కోళ్లకి పోసేశాం. వాళ్ల ఊళ్లో సముద్రపు గాలికి ఆరతాయని ఫాదర్ గారన్నారు. మాకు సముద్రం ఎక్కడిది? పక్కింటి సవర తెగ అవ్వ వానాకాలంలో విత్తనాలని పొయ్యి పైనున్న అటక మీద ఆరబెట్టేది. అది చూసి నాకు దారి దొరికింది. అయితే పొగ తగిలితే వాసనొస్తుందని, కమ్మరి దగ్గర బొగ్గులు తెచ్చి, కుంపట్లలో రాజేసి, గదిలో దారాల కింద పెట్టాను. రెండు రోజులకి ఒకటి విరిచి చూస్తే టక్కుమని విరిగింది! దాన్ని పట్టుకుని గుడి దాకా పరుగెత్తాను. ఫాదర్ గారు అక్కడే కొరికి చూసి, "మా నాన్న చేసినట్టే ఉంది," అన్నారు.

సంతలో మాత్రం జనం నవ్వారు. "ఇయ్యేటి, ఏలికపాములా?" అన్నాడొకడు. నాకు పౌరుషం వచ్చింది. అక్కడే మూడు రాళ్లు పెట్టి, దారాలు ఉడికించి, చింతపండు, ఎండుమిరప వేసి తాలింపు పెట్టాను. మొదట ఆ సవర అవ్వే ఆకు చాపింది. నోట్లో పెట్టుకుని కళ్లు పెద్దవి చేసింది. తన వాళ్లని కేకేసి పిలిచింది. అంతే, జనం మీద పడ్డారు! కొందరు పసుపు కొమ్ములిచ్చి, కొందరు తేనె ఇచ్చి పట్టుకెళ్లారు. మధ్యాహ్నానికి బుట్ట ఖాళీ.

"బేగి నడవే, పిండి కలపాల!" అత్త అప్పటికే దారి పట్టింది.

ఆ ఏడే మా ఆయన పెరట్లో ఆరబెట్టే గది కట్టించాడు. మరుసటేటికి పార్వతీపురం కొట్లకి కూడా మా సరుకే. ఇప్పుడు ఆ గది నా కూతుళ్ల చేతుల్లో ఉంది.