పప్పు ఉడికిన నీళ్లు

ఒప్పందం నకలు సూర్యాపేటలోని మా ఆఫీసు ఇనుప బీరువాలో ఉండేది. నలభై పేజీలు. మన ప్రభుత్వమూ, సముద్రాల అవతలి ఒక చలి దేశపు ప్రభుత్వమూ కలిసి సంతకాలు చేసిన కాగితం. వాళ్లిచ్చేవి బోర్లు వేసే లారీలు, చేతి పంపులు, ఒక జీపు, నాలాంటి వాళ్ల జీతాలు. మన ప్రభుత్వం ఇచ్చేవి డీజిలు, విడిభాగాలు, ఆ తర్వాతి మరమ్మతులు. ఊరు ఇవ్వవలసింది ఒక్కటే: బోరింగు వాడకం మొదలైన నెలలోపు పాత దిగుడుబావిని పూడ్చెయ్యాలి.

పూడ్చమనడానికి కారణం నారికురుపు. కాళ్లకు కురుపులున్నవాళ్లు మెట్లు దిగి నీళ్లలో నిలబడి బిందె ముంచుకుంటారు. కురుపులోని పురుగు నీళ్లలోకి పోతుంది. ఆ నీళ్లు తాగిన వాళ్లకు మళ్లీ కురుపు. కాలిలోంచి పురుగును పుల్లకు చుట్టి రోజుకు వేలెడంత లాగడం నేను చూశాను. ఆ జబ్బు పోవాలన్న వాళ్ల మీద నాకు అప్పుడూ కోపం లేదు, ఇప్పుడూ లేదు.

ఆ కాగితంలో సుస్థిర అభివృద్ధి అనే మాట ఇరవై మూడు చోట్ల ఉంది. ఫ్లోరైడ్ అనే మాట ఒక్కచోట కూడా లేదు. నల్లగొండ జిల్లా నీళ్ల గురించి రాసిన కాగితంలో! కానీ ఉద్యోగంలో చేరిన మొదటి వారం దాన్ని మొదటి నుంచి చివరి దాకా చదివిన నాకు కూడా ఆ లోటు కనిపించలేదు. తర్వాత, కనిపించినా లాభం లేనప్పుడు, వేలు పెట్టి వెతికాను.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. ఎనభైల చివరి సంవత్సరాలు. మా ఇల్లు మిర్యాలగూడలో, సాగర్ కాల్వకు అర మైలు దూరంలో. డిప్లొమా చేతికి రాగానే ఈ ఉద్యోగం దొరికింది. మా పెదనాన్న వాళ్ల ఊరు తిరుమలగిరి వైపు మెట్ట మీద ఉంది, కాల్వ ఎక్కని చోట. నాకు అప్పగించిన పద్నాలుగు ఊళ్లలో అదొకటి. పెదనాన్న పోయాక పెద్దమ్మ అక్కడ ఒక్కతే ఉండి రెండెకరాల కంది చేను చూసుకునేది.

ఆ ఊళ్లో బోరింగు వేసి మూడు వారాలైనా ఎవరూ ముట్టుకోలేదు. ఇనుము వాసనన్నారు, బిందె తళతళలాడదన్నారు. విదేశీ అతిథులు చూడ్డానికి వస్తున్నారు. కోదాడలో ఉండే మా సారు రోజూ ఫోన్ చేసి, జనం పంపు దగ్గర వరసలో నిలబడి కనిపించాలని చెప్పాడు.

ఉపాయం నాదే. ఆ వైపు ఊళ్లలో కొత్త బావిలో నీళ్లు పడితే ముందు కందిపప్పు ఉడికించి చూస్తారు. పప్పు మెత్తబడితే తాగే నీళ్లు. పలుకులుగా మిగిలితే గొడ్లకు, బట్టలకు. అదే పరీక్ష అందరి ముందూ పెడదామనుకున్నాను. కొలతలన్నీ నావే. రెండు ఒకేరకం కుండలు, ఒకే చేని పప్పు, చెరొక పావుకిలో, చెరి రెండు లీటర్ల నీళ్లు, ఒక దాంట్లో బావివి, ఒక దాంట్లో బోరింగువి. చేతి గడియారం చూస్తూ నిలబడ్డాను. ఇరవై ఆరో నిమిషానికి బోరింగు పప్పు విచ్చుకుంది. బావి పప్పు నలభై నిమిషాలకు కూడా పంటికింద రాయిలా ఉంది.

"అగో సూడుండ్రి, ఎన్నపూస లెక్క అయింది!" అని ఒకామె గరిటె ఎత్తి చూపింది.

"గిన్నేండ్లు గా బాయి నీళ్లు పోసి కట్టెలన్ని ఖతం చేసినం గదనే!"

"మా అత్తను పిలువుండ్రి. పప్పు ఉడకలేదని నన్ను తిట్టిన తిట్లన్ని వాపసు తీసుకోమనుండ్రి," అని ఒక చిన్నకోడలు అనేసరికి అందరూ విరగబడి నవ్వారు. అత్త అక్కడే ఉంది. "తీసుకుంట గని, మాడవెట్టినవాటి తిట్లు నీ దగ్గర్నే ఉంచుకో," అంది.

పెద్దమ్మ మాత్రం రెండు పలుకులు వేళ్ల మధ్య నలిపి చూసింది.

"మా తల్లిగారి ఊర్ల గూడ గిట్లనే ఉడుకుతుండె కొడుకా. దించంగనే మెత్తగయితుండె."

"మంచిదే కదా పెద్దమ్మా."

"ఏమో మరి. మా అన్న నడుం సూసినవు గదా నువ్వు."

చూశాను. నలభై దాటకముందే వంగిపోయి, మనిషిని చూడాలంటే పక్కకు తిరిగి చూసేవాడు. "పప్పుకు, నడుముకు సంబంధమేంది పెద్దమ్మా?" అని నవ్వాను.

"నేనేమన్న సదువుకున్ననా. యాదికొచ్చింది, చెప్పిన."

వారంలో అతిథులు వచ్చారు. పంపు దగ్గర నిజమైన వరస ఉంది, ఎవరినీ నిలబెట్టనక్కర లేకపోయింది. ఫోటోలు తీసుకున్నారు. సారు బోరింగు నీళ్లు గ్లాసులో పట్టి ఇస్తే నవ్వి, జీపులోంచి తాము తెచ్చుకున్న సీసాలు తీసి తాగారు. మర్నాడు ఊరి పెద్దలు బావి పూడ్చే కాగితం మీద సంతకాలు పెట్టారు. మొరం ట్రాక్టర్లు మొదలయ్యాయి.

పెద్దమ్మ మాట మాత్రం నన్ను వదల్లేదు. ఆదివారం ఇంట్లో నీటి రసాయనం పుస్తకం తీశాను. మూడు పేజీల్లో ఉంది సంగతి. సున్నం తక్కువగా, సోడా గుణం ఎక్కువగా ఉన్న నీళ్లలో పప్పు జల్దీ ఉడుకుతుంది. హోటళ్లలో చిటికెడు తినే సోడా వేసేది అందుకే. రాతి పొరల్లోంచి, ఎముకలను వంచేసే ఫ్లోరైడ్ ఎక్కువగా కరిగేది కూడా సరిగ్గా అలాంటి నీళ్లలోనే. నేను కొలతలు వేసి, గడియారం పెట్టి, ఊరందరి ముందూ నిరూపించింది ఆ నీళ్లు విషమని. అందరికీ చెప్పింది మంచివని.

పప్పు పరీక్ష రోజున ఎందుకైనా మంచిదని రెండు నీళ్లూ సీసాల్లో పట్టి దాచి ఉంచాను. వాటిని ప్రయోగశాలకు పంపాను. ఫలితం రావడానికి పదహారు రోజులు పట్టింది. ఆ పదహారు రోజులూ ట్రాక్టర్లు తిరిగాయి. నేను ఆపమనలేదు. ఫలితం చేతికి రాకుండా మాట్లాడటం పద్ధతి కాదనుకున్నాను. ఆ మర్యాదస్తుణ్ణి తలుచుకుంటే ఇప్పటికీ చెంప పగలగొట్టాలనిపిస్తుంది.

బోరింగు నీళ్లలో ఫ్లోరైడ్ హద్దుకు మూడింతల పైన ఉంది. బావి నీళ్లలో హద్దు లోపల. కాగితం పట్టుకుని కోదాడ బస్సెక్కాను. సారు దాన్ని ఒకసారి చూసి, మా నెలవారీ ఫారం నా ముందుకు తోశాడు.

"ఇందులో పదకొండు గళ్లున్నాయయ్యా. నువ్వు చెప్పేది ఏ గడిలో రాయమంటావో చూపించు."

"ఏ గడిలోనూ రాదు సార్. కొత్తది పెట్టాలి."

"పెట్టడానికి ఇదేమన్నా నేను గీసిందా? రెండు దేశాలు కూర్చుని గీసుకున్నాయి."

"మరి ఆ నీళ్లు తాగేవాళ్లు సార్?"

"తాగనీ. ఇన్నాళ్లూ పురుగుల నీళ్లు తాగలేదూ? పనిచేసే పంపు ఒకటి, మూసిన బావి ఒకటి. రెండు గళ్లూ నిండాయి. టీ తాగి వెళ్లు."

తాగలేదు. అంతకంటే పెద్ద తిరుగుబాటు అక్కడ చేతకాలేదు. అతిథులతో వచ్చిన విదేశీ నిపుణుడికి నాకొచ్చిన ఇంగ్లీషులో రెండు పేజీలు రాశాను. రెండు నెలలకు జవాబొచ్చింది. చాలా మర్యాదగా ఉంది. విషయం ముఖ్యమైనదేననీ, అయితే ఇప్పటి ఒప్పందం పరిధిలో లేదనీ, తర్వాతి దశలో పరిశీలించవచ్చనీ. తర్వాతి దశ వచ్చేదాకా మనుషుల ఎముకలు ఆగుతాయని వాళ్లకెవరు చెప్పారో తెలియదు.

ఆ జవాబు కోసం ఆగకుండానే ఊళ్లో చెప్పాను. పంపు గట్టు మీద కూర్చుని, రెండు అంకెలూ చదివి, అర్థం చెప్పాను. గరిటె ఎత్తి చూపించినామె ముందు లేచింది.

"పప్పు ఉడికిచ్చి సూపెట్టినోనివి నువ్వే గదా! ఇయ్యాల విషమని చెప్పెటోనివీ నువ్వేనా? నీది నోరా, మోరీయా?"

"బాయి మీద మన్ను పోసినంక తెలివొచ్చిందా నీకు?"

పెద్దమ్మ అడ్డం రాలేదు. కొంగు బిగించుకుని లేచి, "తిట్టుండ్రి, తిట్టుండ్రి. మస్తు తిట్టుండ్రి. తిట్టినంక పారలు పట్టుండ్రి," అంది.

పద్దెనిమిది మందిమి బావిని మళ్లీ తవ్వాం. సెలవు రోజుల్లో నేనూ, మిగతా రోజుల్లో వాళ్లే. నింపింది ట్రాక్టర్లు, తీసింది తట్టలు. కొత్తగా పోసిన మొరం కాబట్టి పార దిగింది. నలభై ఒకటో రోజున అడుగు తడిసింది. నీళ్లు నిలిచి తేరుకున్నాక మళ్లీ సీసా పట్టి పంపాను. హద్దు లోపలే. దిగే దారి లేకుండా మెట్ల రాళ్లన్నీ ఊడబెరికి, వాటితోనే చుట్టూ నడుమెత్తు గోడ కట్టాం. గిలక పెట్టాం. ఇక ఎవరి కాలూ నీళ్లలో పడదు, కురుపు రాదు, ఫ్లోరైడూ లేదు. ఒక తాపీమేస్త్రీ, నాలుగు రోజుల సిమెంటు పని. మొదటి రోజే ఈ పని చెయ్యడానికి రెండు దేశాలకు అడ్డమేమిటి? బోరు లారీలు వచ్చేశాయి, వాటికి పని చూపించాలి. చేదబావికి ఫారంలో గడి లేదు.

మరుసటి ఏడాది పరిశీలన బృందం వస్తున్నట్టు కబురొచ్చింది. పూడ్చిన బావి తెరిచి కనిపిస్తే షరతు తప్పినట్టు. బావిలో మళ్లీ మొరం పోయిస్తారు. ఆ సంగతి ఆడవాళ్లకు చెప్పాను. తెల్లారేసరికి గోడ మీద వాసాలు అడ్డం వేసి, వాటి మీద ఊరి కందికట్టె అంతా తెచ్చి వామిలా పేర్చారు. పెద్దమ్మ దాని నీడలో చాట పెట్టుకుని కూర్చుంది.

అతిథులు పంపు కొట్టి చూశారు. నీళ్లు వచ్చాయి. పని చేస్తున్నట్టు రాసుకున్నారు. కొట్టిన నీళ్లు ఎక్కడికి పోతున్నాయో అడగలేదు. గొడ్ల తొట్టిలోకి పోతున్నాయి.

"పాత బావి ఎక్కడుండేదయ్యా?" అన్నాడు సారు. పూడ్చేటప్పుడు ఆయన ఒక్కసారి కూడా రాలేదు.

అవతల పెంటకుప్ప చూపించాను. వాళ్లు దాని చుట్టూ తిరిగి, రెండు వైపుల నుంచీ ఫోటో తీసి, బాగా పూడ్చారని మెచ్చుకున్నారు. ఒకాయన కందికట్టె వైపు వేలు చూపి అదేమిటని అడిగాడు. వంటచెరకు అన్నాను. మంచినీళ్లు ఇస్తామని సంతకం పెట్టినవాళ్లకు మంచినీళ్లు కనబడకుండా దాచవలసి వచ్చిందని ఒళ్లు మండిపోయింది.

"ఏమంటున్నడు?" అంది పెద్దమ్మ చాట ఆపకుండా.

"కట్టెలు మస్తుగున్నయంటున్నడు."

"ఇంకెంతసేపుంటరంట? నీళ్ల యాళ్ల అయితుంది."

జీపు బయల్దేరింది. అది ఊరి మలుపు తిరిగేలోపే ఆడవాళ్లు సగం కట్టె దించేశారు. ఆ నెల ఫారంలో మూసిన బావి గడిలో ఒకటి అని నా చేత్తోనే రాశాను. ఆ తర్వాత ఆ ఉద్యోగంలో ఉన్నంత కాలం ప్రతి నెలా అదే రాశాను.