ఇద్దరు అక్కలకు ఒకే లాగిన్

మానుకోటలో నేను పనిచేసిన దవాఖాన ల్యాబులో ఇద్దరు అక్కలుండేవారు. ఇంటిపేరు ఒకటే, పేరూ ఒకటే. ఒకరిది కొత్తగూడ అవతలి తండా, ఇంకొకరిది బయ్యారం దగ్గరి తండా. చుట్టరికం ఏమీ లేదు. అందరం వాళ్ళను ఊళ్ళ పేర్లతోనే పిలిచేవాళ్ళం: కొత్తగూడక్క, బయ్యారమక్క. మందుల కౌంటరు పెద్దాయన మాత్రం ఆటపట్టించేవాడు.

"పేరు వెట్టి పిలిస్తె ఇద్దరు తిరుగుతరు, పని చెప్తె ఒక్కరు తిరుగరు."

"నీ గోలీల లెక్కనే అన్నా, పొద్దుకు రెండు సార్లే తిరుగుతం" అని కొత్తగూడక్క అంటించేది.

నాది అక్కడ కంప్యూటర్లు చూసుకునే ఉద్యోగం. ల్యాబు రిపోర్టులుండే లినక్స్ సర్వర్‌కు ఒక లాగిన్, మిగతా కంప్యూటర్లకు ఇంకో లాగిన్ ఉండేవి. పాస్‌వర్డులు గుర్తుండక అందరూ చీటీల మీద రాసి కీబోర్డు కింద పెట్టుకునేవారు. దవాఖాన మొత్తం లాగిన్లు ఒకేచోట ఉండే డొమైన్ ఖాతాతోనే ఆ సర్వర్‌లోకి కూడా వెళ్ళేలా చేయమని ఓ వేసవిలో నాకు చెప్పారు. ఎవరైనా లాగిన్ అయితే సర్వర్ ముందు తన సొంత జాబితా చూసుకుంటుంది. అందులో పేరు లేకపోతేనే ఆ మనిషి ఎవరో డొమైన్‌ను అడుగుతుంది. కాబట్టి పాత జాబితాలో ఉన్న పేర్లన్నీ తీసేయాలి. తీసేశాను, కొత్తగూడక్కది ఒక్కటి తప్ప.

డొమైన్‌లో ఆ పేరు అప్పటికే బయ్యారమక్కకు వెళ్ళిపోయింది. కొత్తగూడక్కకు అదే పేరు చివర రెండు అంకె చేర్చి ఇచ్చాను. ఆమె ఒప్పుకోలేదు.

"గా అక్క కన్న ఆరేండ్లు ముందొచ్చిన. నేను రెండో నంబరెట్లయిత తమ్మీ?"

నాకు నవ్వొచ్చింది. "సరే అక్కా, సర్వర్‌ల నీ పాతదే వాడుకో" అన్నాను. ఒకరు పాత జాబితా నుంచి, ఇంకొకరు డొమైన్ నుంచి వస్తారు, విడివిడిగానే ఉంటారులే అనుకున్నాను. సర్వర్‌కు అలా కాదు. ఒక పేరంటే దానికి ఒకే మనిషి. పాత పాస్‌వర్డూ, డొమైన్ పాస్‌వర్డూ రెండూ ఒప్పుకుని ఇద్దరినీ రానిచ్చింది, కానీ ఇద్దరినీ పాత జాబితాలోని కొత్తగూడక్కగానే రాసుకుంది. వాళ్ళ లాగిన్లతో ఒకసారి పరీక్షించి ఉంటే తెలిసేది. నా లాగిన్‌తో మాత్రం చూసుకుని, పని పూర్తయిందని చెప్పేశాను.

రెండు వారాలకు ఒక బాలింత రిపోర్టులో రక్తం గ్రూపు తప్పుగా పడింది. రక్తం ఎక్కించే ముందు మళ్ళీ పరీక్ష చేయించిన నర్సు దాన్ని పట్టుకుంది కాబట్టి ప్రమాదం తప్పింది. రిపోర్టు కింద ఉన్న ఉద్యోగి నంబరు కొత్తగూడక్కది. పెద్ద డాక్టరమ్మ ఆమెకు మెమో ఇచ్చింది. అక్కది కాంట్రాక్టు ఉద్యోగం. ఆ నెలలోనే పొడిగించాలి. మెమో ఉంటే పొడిగించరు.

మర్నాడు బయ్యారమక్క నన్ను పిలిచింది.

"తమ్మీ, నా దాంట్ల అక్క ఫైళ్ళెందుకు కనవడుతున్నయ్?"

ఆ ఒక్క మాటతో నాకు అంతా అర్థమైంది. అరగంటలో పాత ఖాతా తీసేశాను. రెండు అంకె ఉన్న పేరుతోనే రమ్మని కొత్తగూడక్కకు చెప్పాను. ఈసారి ఆమె ఎదురు చెప్పలేదు. తప్పు ఏ అక్క చేతిలో జరిగిందో ఇక ఎవరూ తేల్చలేరు, దానికి కారణం నేను. తెలిసీ నాలుగు రోజులు ఊరుకున్నాను. సర్వర్ పని బాగా చేశానని అంతకుముందే మీటింగులో అందరి ముందు మెచ్చుకున్నారు. ఆ మెప్పు పోతుందని భయపడ్డాను. అంతకన్నా పెద్ద కారణం ఏదైనా ఉంటే బాగుండునని చాలాసార్లు వెతుక్కున్నాను. లేదు.

ఐదో రోజు మధ్యాహ్నం కొత్తగూడక్క నా గదికి వచ్చింది. ఆకులో చుట్టి తెచ్చిన తునికి పండ్లు బల్ల మీద పెట్టింది.

"జర ఒక కాయితం టైపు కొట్టియ్యి తమ్మీ. మెమోకు జవాబు."

"ఏమని కొట్టాలక్కా?"

"తప్పు నాదే అని కొట్టు. చూపు ఆనక తప్పు వడ్డది, గిప్పటిసంది పైలంగ చూస్త అని."

"నువ్వే కొట్టినవని యాదికున్నదా?"

"యాదికి లేదు. నా నంబరే ఉన్నది కద. కండ్లు చూపిచ్చుకున్న. మంచిగనే ఉన్నయన్నడు డాక్టరు. ఆయినకేం ఎరుక?"

కొట్టడం మొదలుపెట్టాను. 'నా కంటిచూపు' దాకా వచ్చాక ఆపేశాను. ఉన్నదంతా ఆమెకు చెప్పేశాను.

"నాలుగొద్దులు, తెలిసే ఊకున్నవా?"

"ఊకున్నక్కా."

"నాలుగొద్దులసంది బయ్యారమామె అన్నానికి పిలిస్తె పోతలేను నేను. ముఖం చెల్లక."

ఆమె చెప్పిన వాక్యాలు తుడిచేసి, నా తరఫున కొత్తగా రాశాను. సాంకేతిక లోపం వల్ల ఇద్దరు ఉద్యోగుల పని ఒకే నంబరు కింద పడిందనీ, పొరపాటు ఎవరిదో చెప్పడం సాధ్యం కాదనీ. ప్రింటు తీసి చేతికిచ్చాను. ఆమె వేలు పెట్టి నెమ్మదిగా చదివింది. మొదటి వరుసలోనే వేలు ఆగింది.

"సాంకేతిక లోపం అంటే ఏంది?"

"సిస్టంల ప్రాబ్లం అక్కా."

"సిస్టం చేసిందా, నువ్వు చేసినవా?"

"నేనే."

"మరి? నేనైతె నా కండ్లు అని రాయమన్న. నువ్వు మిషన్ మీద తోస్తున్నవ్."

ఆ మాట తీసేసి 'నా నిర్లక్ష్యం వల్ల' అని రాశాను. నాలుగు రోజుల క్రితమే తెలిసినా చెప్పలేదన్న వాక్యం నా అంతట నేనే చేర్చాను. ఇద్దరం వెళ్ళి పెద్ద డాక్టరమ్మ గది బయట బెంచీ మీద కూర్చున్నాం. లోపలి నుంచి పిలుపు వచ్చింది. నేను కాయితాన్ని ఇంకోసారి మడతపెడుతూ కూర్చున్నాను.

"లే తమ్మీ" అంది అక్క. "తిట్లకు సస్తవా? నేను మెమోకే సావలే."

ఆమె మెమో ఆ రోజే వెనక్కి తీసుకున్నారు. నాకొకటి వచ్చింది. నెలాఖరున ఆమె కాంట్రాక్టు పొడిగించారు. నన్ను క్షమించావా అని ఆమెను ఇప్పటికీ అడగలేదు. అడిగితే "పోనీ తియ్యి తమ్మీ" అనేస్తుందని తెలుసు కనుకే.