మా అత్త కాలని చెయ్యి

మా అత్త పెనం మీది దోసెను అట్లకాడ లేకుండా వేళ్ళతోనే తిప్పేది. గుడియాత్తంలో, మా సందు మొదట్లో, ఆమెకు చిన్న టిఫిన్ అంగడి ఉంది. మామ పోయినాక ఆమె లోకమంతా ఆ పొయ్యి దగ్గరే. పొగలు కక్కే ఇడ్లీ కుండను గుడ్డ పట్టకుండా ఉత్త చేతులతో దించుతుంటే మగ్గాలకు పోయేవాళ్ళు, బీడీలు చుట్టే ఆడవాళ్ళు నోళ్ళు తెరుచుకుని చూసేవాళ్ళు. మా వైపు ఆడవాళ్ళలో ఇదొక పందెం. ఎంత వేడి పట్టుకోగలిగితే అంత పనిమంతురాలు. గుడ్డ కోసం వెతికితే "ఏమ్మే, కొత్త పెళ్ళికూతురివా?" అని ఎగతాళి చేస్తారు.

అత్త ఆ మెప్పుకు మురిసిపోయేది. ఆమెకన్నా నేనెక్కువ మురిసిపోయాను. వేలూరులో నేను పాఠాలు చెప్పే బడిలో, మధ్యాహ్నం క్యారియర్లు విప్పినప్పుడల్లా "మా అత్త చెయ్యి ఇనుము" అని గొప్పలు పోయేదాన్ని.

ఆమె ముంజేతి మీద తమలపాకంత మచ్చ పాలిపోయి కనిపించేది. అడిగితే "ఆవిరి తగిలి రంగు పోయిండాదిలే పాపా" అంది. సరేనన్నాను. నేను చెప్పేది సైన్సు. ఏటేటా సూక్ష్మజీవుల పాఠం చెప్పే మనిషిని. నా తెలివి తెల్లారినట్టే ఉంది!

ఒక ఆదివారం చూద్దును కదా, ఆమె చూపుడువేలి మీద బొబ్బ పగిలి నీరు కారుతోంది. ఆమె మాత్రం ఆ చేత్తోనే ఉల్లిపాయలు తరుగుతోంది.

"ఎప్పుడు కాలింది అత్తా?"

"ఏమో, నాకు తెల్లేదే."

"నొప్పి లేదా?"

"ఉంటే కదా చెప్పేదానికి!"

నా చూపు ముంజేతి మీది మచ్చ మీదికి పోయింది. మర్నాడే బస్సెక్కించి వేలూరు ఆసుపత్రికి తీసుకుపోయాను.

డాక్టరమ్మ చిన్న వయసుది. మోచేతి దగ్గర నరం ఉబ్బి ఉందేమోనని నొక్కి చూసింది. తరవాత సన్నని నైలాను పోగు తీసి, "కళ్ళు మూసుకోండమ్మా, నేను తాకిన చోటల్లా వేలు పెట్టి చూపించండి" అంది. అత్త టకటకా చూపించేసింది. పరీక్షలో పక్కవాళ్ళది చూసి రాసే పిల్లలను రోజూ పట్టుకునేదాన్ని కదా, ఓరకంట చూస్తోందని ఇట్టే కనిపెట్టాను. డాక్టరమ్మ నవ్వి, ఆమె కళ్ళు నన్ను మూయమంది. వెనక నిలబడి రెండు చేతులతో మూశాను.

పోగు అరచేతిని తాకింది. వేళ్ళ కొసలను తాకింది. మచ్చ మీద నాలుగైదు చోట్ల తాకింది. అత్త కదల్లేదు. కాసేపటికి, "ఇంకా మొదలుపెట్టలేదా తల్లీ?" అని అడిగింది.

ఇన్నేళ్ళూ మేమంతా మెచ్చుకున్నది ఈ జబ్బునా!

కుష్ఠు అని విన్నాక అత్త అడిగినవి రెండే. "నేనేం పాపం చేసినానమ్మా?" అన్నది ఒకటి. "నేను వండింది తిన్నోళ్ళకు వస్తాదా?" అన్నది రెండోది. పాపమూ కాదు, శాపమూ కాదు, ఒక క్రిమి వల్ల వస్తుందంది డాక్టరమ్మ. అది ఒంట్లో చేరాక బయటపడటానికి ఏళ్ళు పడుతుందట. మందు వాడని రోగికి చాలాకాలం దగ్గరగా మసిలినవాళ్ళకే సోకవచ్చట, వాళ్ళలోనూ చాలామంది ఒళ్ళు దాన్ని తట్టుకుంటుందట. వంట వల్లా, చెయ్యి తగిలినందుకూ రాదట. మాత్రలు మొదలుపెడితే కొద్దిరోజులకే అంటించే గుణం పోతుందట. నెలకో మాత్రల అట్ట, పన్నెండు నెలలు, ఊళ్ళో సర్కారు ఆసుపత్రిలోనే ఉచితంగా ఇస్తారు. మూత్రం ఎర్రగా వస్తుంది, ఒళ్ళు కాస్త నల్లబడుతుంది, భయపడొద్దు అంది.

"ఇప్పుడు మాత్రం నేనేం రంభనా?" అంది అత్త. మొదటి మాత్రలు అక్కడే మింగింది.

పోయిన స్పర్శ తిరిగి వస్తుందో రాదో చెప్పలేమన్నారు. ఇక మీదట వేడిని చేత్తో కాదు, కంటితో చూసి తెలుసుకోవాలి. పట్టకారు, గుడ్డ తప్పనిసరి. సాయంత్రమయితే చేతులు నీళ్ళలో నానబెట్టి, నూనె రాసి, ఎక్కడైనా గాయముందేమో వెతుక్కోవాలి. ఆమెతో ఒకే ఇంట్లో ఉంటాను గనక నన్నూ పరీక్ష చేసి, ముందుజాగ్రత్తగా ఒకసారి మాత్ర మింగించారు.

ఇవన్నీ విన్నాను, తలూపాను. ఊరికొచ్చి నేను చేసిన మొదటి పని అంగడికి తాళం వేయడం. అడిగినవాళ్ళకు మోకాలి నొప్పి అని చెప్పాను. రెండు వారాలు గడిచాయి. మనుషులు తన చేతి తిండి మళ్ళీ తింటారా అన్నది తప్ప అత్తకు వేరే దిగులు లేదు. ఆ ఒక్కటీ తేలనివ్వకుండా అడ్డం కూర్చున్నది నేనే.

"జబ్బు చేతికొస్తే మోకాలి మీద వేస్తావేం?" అని చివరికి విరుచుకుపడింది. "నీ గలాసు వేరేగా పెట్టుకుంటా ఉండావు, నేను చూడలేదనుకున్నావా?"

పెట్టుకుంటున్నానని నాకే తెలియదు. తెలియదని ఇప్పుడు రాస్తున్నాను గానీ, అదీ నిజమో కాదో.

మర్నాడు పొద్దున ఆమే తాళం తీసింది. చేతికి గుడ్డ చుట్టుకుని, అట్లకాడ పట్టుకుని పొయ్యి ముందు నిలబడింది. ఏడెనిమిది మంది చేరినాక గొంతు పెంచి చెప్పింది: "నాకు మోకాలి నొప్పి లేదప్పా. కుష్ఠు వచ్చిండాది. మాత్రలు మింగతా ఉండా. ఇంక ఎవురికీ అంటదని డాక్టరమ్మ చెప్పినాది. తినేవాళ్ళు తినండి, పోయేవాళ్ళు పోండి."

ఇద్దరు వెళ్ళిపోయారు. ఒకామె బిడ్డను చంకనేసుకుని సందు చివరికి పోయి నిలబడింది. మిగిలినవాళ్ళు కదల్లేదు, చెయ్యీ చాపలేదు. అత్త మొదటి దోసె స్టీలు తట్టలో వేసి నాకు చాచింది.

అందరూ నన్నే చూస్తున్నారు. అంతా తెలిసినదాన్ని. డాక్టరమ్మ చెప్పిన ప్రతి మాటా నోటికి వచ్చు. అయినా నా చెయ్యి లేవలేదు. ఎంతసేపని చెప్పను? ఒక ఊపిరి సేపు. సిగ్గుపడటానికి అది చాలు.

నూలుకు రంగులద్దే ఒక పెద్దాయన ముందుకొచ్చాడు. "ఈ అమ్మ తినేటట్లు లేదు. ఇట్లా ఇయ్యి తల్లీ, ఆకలేస్తా ఉండాది" అని ఆ తట్ట అందుకున్నాడు. నిలబడే తినేసి, "చట్నీ కొంజెం వెయ్యి" అన్నాడు. అత్త వేసింది. ఆయన వెనక ఇంకొకరు, ఆ వెనక మరో ఇద్దరు చేరారు.

అత్త నా వైపు చూడకుండా దోసెలు పోస్తూనే ఉంది. నేనే ఉండబట్టలేక, "అత్తా, నాకు?" అన్నాను.

"వరసలో రా" అంది.

వెళ్ళి అందరి వెనకాల నిలబడ్డాను.